కబురు పార్టు

"పక్కన ఎవురన్నా ఉండారా అన్నా?" అని సుధాకర్ ఫోన్లో అడిగాడు.

రామసుబ్బయ్య అప్పుడు కువైట్‌లో, ఖైతాన్ పేటలోని పాత బిల్డింగులో మెట్లు కడుగుతున్నాడు. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో మొబైలు, కాళ్ళ కింద సబ్బునీళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయిపోయింది, పై అంతస్తుల వాళ్ళంతా కడుపునిండా తిని తలుపులు బిగించుకున్నారు, బిల్డింగు మొత్తానికి ఏసీల గురక తప్ప ఇంకో శబ్దం లేదు. "ఎవురూ లేర్రా, ఏమి?" అన్నాడు. "ఏం ల్యాన్నా, ఊరికే అడిగినా. నువ్వు ఆడ్నే ఉండు, యాడికీ పోవాకు. నేనొస్తాండా." "మీ వదిన బయల్దేరిందా?" అని ఈయన అడిగేలోపలే అవతల ఫోను పెట్టేశాడు. పెట్టేసిన ఫోనును రామసుబ్బయ్య ఇంకా చెవికి ఆనించుకునే ఉన్నాడు. చీపురు జారి రెండు మెట్లు కిందికి పోతే దాని వైపు కూడా చూడలేదు. ఎందుకంటే ఆ మాట ఆయనదే. పక్కన ఎవరున్నారని ముందుగా అడగాలని సుధాకర్‌కు నేర్పింది ఆయనే. కువైట్‌లో మన కడప వైపు వాళ్ళు ఎవరు కన్నుమూసినా, ఊళ్ళో ఉన్న వాళ్ళ మనుషులకు ఆ కబురు చెప్పే పని ఇన్నేళ్ళుగా రామసుబ్బయ్యదే. చెప్పే ముందు ఆయన అడిగే మొదటి మాట అది. ఒంటరిగా ఉన్న మనిషికి చావు కబురు చెప్పకూడదు. అందుకు తప్ప ఇంకెందుకూ ఆ మాట అడగగా ఆయన ఎప్పుడూ వినలేదు.

ఊరికే అడిగి ఉంటాడులే. అడగకూడదా ఏమి? సుధాకర్‌కు మాటలో నిలకడ లేదు, డ్రైవరు పని చేసీ చేసీ మాట కూడా హారన్ కొట్టినట్టు కొట్టి పోతాడు. పైగా ఈరోజు పెళ్ళాం గంగులమ్మ వచ్చే రోజు. సబా అల్ సలేంలో ఆమె పనిచేసే ఇంట్లో మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, మనసు బాగున్న శుక్రవారాల్లో సెలవు దొరుకుతుంది, పక్కింటి డ్రైవరైన సుధాకర్ ఆమెను కారులో తెచ్చి ఇక్కడ దించి సాయంత్రం మళ్ళీ తీసుకుపోతాడు. అదీ వాళ్ళ కాపురం. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారని ఊళ్ళో వాళ్ళు కుళ్ళుకుంటారు గానీ, ఉన్నది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సాగే కాపురం. అందుకే ఈ కడగడం. నిజానికి ఆయన ఇక్కడ హారిస్, అంటే బిల్డింగు కాపలాదారు, మెట్లు కడగాల్సింది శనివారం. కానీ ఆయన గది మేడ మీద ఉంది, లిఫ్టు లేదు, గంగులమ్మ మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతూ మెట్టు మెట్టుకూ ఒక వంక పెడుతుంది. ఇక్కడ దుమ్ము, ఇక్కడ జిడ్డు, ఇక్కడ ఎవరో సిగరెట్టు పారేశారు, ఏం కాపలా కాస్తున్నావయ్యా నువ్వు అంటుంది. పైన గదిలో ఆయన అప్పటికే సంగటి కెలికి మూత పెట్టాడు, శెనగ్గింజలు వేయించి ఊరిబిండి పచ్చడి నూరాడు. ఆమె వస్తూనే వేలితో అద్దుకుని నాలిక్కి రాసుకుని ఉప్పు చాలలేదంటుంది. ప్రతిసారీ అంటుంది. ఈసారి కావాలనే ఉప్పు తక్కువ వేశాడు, ఆ మాట ఆమె ధీమాగా అనాలని. ఆమెను కారులో కూర్చోబెట్టుకుని వచ్చేవాడైతే, పక్కన ఎవరున్నారని తననెందుకు అడుగుతాడు? అడగడు. ఆ ఆలోచన రాగానే రామసుబ్బయ్య తడి మెట్టు మీదే కూర్చున్నాడు.

జయము జయము మహాప్రభూ. అలా మొదలుపెట్టాలి. చెప్పబోయేది కొడుకు చావో తమ్ముడి చావో అయినా సరే, దూత వస్తూనే జయము పలకాలి. రాయచోటి వైపు జాతరల్లో ఆడే పద్యనాటకాల్లో రామసుబ్బయ్య కట్టని చిల్లర వేషం లేదు. ద్వారపాలకుడు, పడవవాడు, జ్యోతిష్కుడు, దగ్గే ముసలి మంత్రి, ఒకే నాటకంలో ఒకదాని వెనక ఒకటి. రాజు పార్టు మాత్రం కట్టలేదు. గొంతు లేక కాదు. నాటక సమాజం మొత్తంలో అంత పై శృతికి పోయి అక్కడ వణక్కుండా నిలబడే గొంతు ఇంకొకటి లేదని హార్మోనియం అయ్యవారే అనేవాడు. కానీ మనిషి పొట్టి, మొహం గుప్పెడంత. ఒకసారి సరదాకు కిరీటం పెట్టి చూస్తే అది చెవుల దాకా దిగి కూర్చుంది, తెర వెనక నవ్వని వాడు లేడు, రామసుబ్బయ్య కూడా నవ్వాడు. రాజు అంటే రామాంజులే. ఎత్తైన మనిషి, భుజాల మీద శాలువా వేసుకుని ఊరికే నిలబడ్డా రాజే. "నీ గొంతు రాజుకు వద్దురా, అది కబురుకు పుట్టిన గొంతు" అని అయ్యవారు రామసుబ్బయ్యకు దూత వేషం ఇచ్చాడు. అందరూ దాన్ని కబురు పార్టు అనేవాళ్ళు. ఆ పార్టుకు అయ్యవారు చెప్పిన పద్ధతి ఒకటుంది. తల వంచుకుని రావాలి. రాజు మొహం చూడకూడదు. జయము పలకాలి. పోయినవాడి పేరు పలికి ఆగాలి. ఆ ఆగడంలో రాజు తనకు తానే చెప్పుకుంటాడు, నువ్వు చెప్పేది ఆ తర్వాతే. పద్యం అయిపోగానే రాజు కుప్పకూలేలోపల వెనక్కి వెనక్కి నడిచి తెరలోకి పోవాలి. "నిలబడితే జనం నిన్ను చూస్తారు రా. అప్పుడు చూడాల్సింది రాజును" అనేవాడు.

అట్లే పోయేవాడు. పోయి, మొహం మీది అర్దళం రంగు తుడుచుకుని ముసలి మంత్రికి గడ్డం అతికించుకుంటూ ఉండగా తెరకు అవతల రామాంజులు రాగం ఎత్తుకునేవాడు. తీగలా సాగి సాగి, తెగుతుందనుకునే చోట తెగకుండా పైకి పోయే రాగం. ఆ తర్వాత పద్యం, ఆ తర్వాత జనం అరుపు. ఒన్స్ మోర్! ఒన్స్ మోర్! రామాంజులు మళ్ళీ ఎత్తుకునేవాడు. కబురు చెప్పిన వాడికి ఎవరు ఒన్స్ మోర్ కొడతారు? చావును రెండోసారి చెప్పమని ఎవరూ అడగరు కదా. చదివింపులు చదివేటప్పుడు కూడా రాజు పార్టుకు ఫలానా వారు, రాణి పార్టుకు ఫలానా వారు, హాస్యానికి ఫలానా వారు అని మైకులో వినపడేది తప్ప, కబురు పార్టుకు ఎవరూ పైసా చదివించేవాళ్ళు కాదు, శకునం బాగుండదని. ఒక ఊళ్ళో అయితే పెళ్ళికి బయల్దేరిన వాళ్ళు తెల్లవారి ఆయన ఎదురొస్తే చెంబుతో కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరారు. రామసుబ్బయ్య పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. బాధపడ్డాడా అంటే, పడ్డాడు. పార్టు బాగా పండిందనే సంతోషం కూడా ఉంది అందులో.

గంగులమ్మ నాటకాలకు వచ్చేది గానీ చివరిదాకా ఉండేది కాదు. పొద్దున్నే శెనక్కాయ చేలోకి కూలికి పోవాలి. కబురు పార్టు రాగానే కొంగు సర్దుకుని లేచి నిలబడి, ఆయన పద్యం అయిపోగానే ఇంటికి నడిచేది. "మీ రాజు ఏడ్చేది నాకెందుకయ్యా, నా రాజు పాడినాక నేను పోతా" అనేది. మొహం మీద అనేది, నవ్వకుండా. అట్లా ఆమె ఏ నాటకమూ చివరిదాకా చూడలేదు. ఆయనా చూడలేదు. తెర వెనక ఉండి విన్నాడు గానీ, కబురు విన్న తర్వాత రాజు మొహం ఎట్లా ఉంటుందో రామసుబ్బయ్య ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. ఈ మాట ఇంతకుముందు ఎందుకు తోచలేదు? ఇప్పుడెందుకు తోచింది? కారు వచ్చిందేమో. మెట్ల మధ్య చిన్న కిటికీ లోంచి చూశాడు. కింద బకాలా కొట్టు ముందు పిల్లి ఒకటి నీడలో పడుకుని ఉంది, రోడ్డు మీద దుమ్ము లేస్తోంది, కారు లేదు. సబా అల్ సలేం నుంచి ఖైతాన్‌కు శుక్రవారం ఎంతసేపు? మామూలుగా అయితే టీ కాచుకుని తాగి గ్లాసు కడిగి పెట్టేంత సేపు. ఎందుకింకా రాలేదు. రాకపోవడమే మంచిది. వచ్చేదాకా ఏమీ జరగలేదు కదా.

ఒకసారి రామాంజులుకు గొంతు పూర్తిగా పూడుకుపోయింది. నాటకం ఆపితే జాతర కమిటీ వాళ్ళు ఊరుకోరు. అప్పుడు అయ్యవారు రామసుబ్బయ్య చెవిలో ఏదో చెప్పాడు. ఆయన దూతగా పోయి కబురు చెప్పి, వెనక్కి నడిచి తెర వెనక్కి రాగానే అక్కడ నిలబడి రాజు రాగం ఎత్తుకున్నాడు. స్టేజీ మీద రామాంజులు మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలించాడు. కబురు చెప్పిన నోటితోనే ఆ కబురుకు ఏడవడం రామసుబ్బయ్యకు అదే మొదలు. తను ఎంత పైకి పోయాడో తనకే తెలియలేదు, హార్మోనియం మీద అయ్యవారి వేళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది. జనం లేచి నిలబడ్డారు. ఒన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. రామాంజులు చేతులు జోడించి నాలుగు పక్కలా తిరిగి దండం పెట్టాడు. తప్పేముంది, దండం పెట్టడానికి తెర బయట ఉన్నది ఆయనే. గంగులమ్మ అప్పటికే ఇంటికి పోయింది. పొద్దున చెబితే నమ్మలేదు. "రాజు రాగం నువ్వు తీసినావా? పోవయ్యా సాల్లే." తీయమంది. ఏదీ, ఇప్పుడు తియ్యి, వింటా అంది. పొద్దున్నే గొంతు లేవదే, పైగా హార్మోనియం లేదు, ఇంకోసారి పాడతాలే అన్నాడు. ఆ ఇంకోసారి అట్లే వెనక్కి జరుగుతూ పోయింది. సినిమా హాళ్ళు వచ్చాయి, ఇంట్లోకి టీవీలు వచ్చాయి, జాతరల్లో రికార్డింగు డ్యాన్సులు వచ్చాయి, సమాజం చెదిరిపోయింది. గంగులమ్మే ముందు కువైట్‌కు వచ్చింది. వాళ్ళ మామాను బతిమాలి, ఆ మామా తమ్ముడి బిల్డింగుకు హారిస్‌గా మొగుడికి వీసా తెప్పించింది. ఇక్కడికి వచ్చాక కూడా అడిగింది. ఏమయ్యా రాజు రాగం అన్నావు, యాడ? ఈ బిల్డింగులో గట్టిగా పాడితే కింద ఈజిప్టు వాళ్ళు గోడ కొడతారే అన్నాడు. కొడితే కొట్టనీ, పాడాల్సింది. పాడి ఉంటే ఏం పోయేది. ఇప్పుడు వస్తే పాడతాను. ఈ మెట్ల మీదే, ఆమె మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతూ ఉండగానే పాడతాను, రానీ.

ఫోను తీసి ఆమె నెంబరు నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఇస్త్రీ బల్ల మీద పెట్టి మర్చిపోతుంది, ఎన్నిసార్లు చెప్పినా అంతే. మళ్ళీ నొక్కాడు. నిన్న మాట్లాడింది కదా. ఎడం చెయ్యి లాగుతోందయ్యా, భుజం దగ్గర నుంచి వేళ్ళ దాకా అంది. కార్పెట్లు దులిపి ఉంటావు, శుక్రవారం రా, నూనె రాసి పిసుకుతా అన్నాడు. ఆహా, పిసికేవాడు దొరికినాడు అని నవ్వింది. నవ్వింది కదా. చెయ్యి నొప్పి నిజంగా పెద్దదైతే నవ్వుతారా? పైన గదిలో నూనె గిన్నె కూడా పెట్టి ఉంచాడు. మళ్ళీ మోగి ఆగిపోయింది. మొదటి ఫోను వచ్చిన తర్వాత మనుషులు ఇట్లాగే ఊరంతటికీ ఫోన్లు చేస్తారు. అది కూడా ఆయన సుధాకర్‌కు చెప్పాడు. ఆలస్యం చేయొద్దు, వాళ్ళు ఇంకెవరికో చేసి ఇంకెవరి నోటనో మోటుగా వింటారు అని చెప్పాడు.

కువైట్‌లో ఈ పని ఎట్లా మెడకు చుట్టుకుంది? వచ్చిన కొత్తలో పుల్లంపేట మనిషి ఒకాయన పరంజా మీద నుంచి పడి పోయాడు. గదిలో ఉన్నవాళ్ళంతా మొహామొహాలు చూసుకుంటున్నారు, భార్యకు చెప్పడానికి ఎవరికీ నోరు రావడం లేదు. అప్పుడు ఆ గదిలోనే ఉండే ఖాజావలి అన్నాడు, "నువ్వు నాటకాల్లో కబురు పార్టు కట్టినోనివంట గదన్నా, నువ్వయితే చెప్తావు." నాటకం వేరు, ఇది వేరు అని ఈయన అనలేకపోయాడు. టెలిఫోను కార్డు గీకి ఇచ్చారు. అవతల ఆ తల్లి హలో అనగానే ఆయనకు తెలియకుండానే తల వంగింది. పక్కన ఎవరున్నారమ్మా అని అడిగాడు. మనిషి పేరు చెప్పి ఆగాడు. అయ్యవారు చెప్పినట్టే, ఆ ఆగడంలో ఆమె తనకు తానే చెప్పుకుంది. ఆమె ఏడుపు పైకి లేచేటప్పుడు రిసీవరు నెమ్మదిగా ఖాజావలి చేతిలో పెట్టి గదిలోంచి వెనక్కి వెనక్కి నడిచి బయటికి వచ్చేశాడు. ఎంత బాగా చెప్పినావన్నా, మెత్తగా చెప్పినావు అని అందరూ అన్నారు. అప్పటి నుంచి ఎవరు పోయినా రామసుబ్బయ్యను పిలవండి. మెత్తగా చెప్పడమట. ఎంతమందికి చెప్పాడో. ఒక్కరి మొహమూ చూడలేదు, ఒక్కరి ఏడుపూ చివరిదాకా వినలేదు. ఫోను పెట్టేశాక ఆ ఇళ్ళల్లో ఏం జరిగింది? పొయ్యి మీద ఉన్నదాన్ని ఎవరు దించారు? పిల్లలకు ఎవరు చెప్పారు? నాకేం తెలుసు, నా పార్టు అయిపోయింది, నేను వచ్చేశాను. అట్లా వచ్చేస్తే సరిపోతుందా రామసుబ్బయ్యా?

ఆ పని చేసీ చేసీ ఆయన గొంతుకు చెడ్డపేరు వచ్చింది. ఊరికి ఫోను చేసి హలో అంటే చాలు, అవతలి వాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. సొంత తోడల్లుడే ఒకసారి పలకకుండా పెట్టేశాడు. గంగులమ్మ ఒకసారి ఆయన గొంతు వినగానే ఫోను కింద పడేసి, పగిలిన అద్దానికి మామాతో తిట్లు తింది. అప్పుడు ఆమే ఒక ఏర్పాటు చేసింది. "నువ్వు ఫోను చేస్తానే మాట్లాడొద్దు. రవ్వంత రాగం తియ్యి. రాగమొస్తే అందరూ బాగుండారని. మాటొస్తే సెడ్డ కబురని." కూతురు రెడ్డెమ్మకు కూడా అదే అలవాటు. లక్కిరెడ్డిపల్లె దగ్గర పిన్నమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ప్రతి శుక్రవారం వాళ్ళమ్మ ఖైతాన్‌కు చేరే వేళకు ఆ పిల్ల ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఈయన తిరిగి చేస్తాడు. ఆ పిల్ల ఫోను ఎత్తి ఊపిరి బిగపట్టి ఊరుకుంటుంది, హలో కూడా అనదు. ఈయన హాస్యం వేషం వాడిలా ముక్కుతో చిన్న రాగం తీస్తాడు. అప్పుడు పకాలున నవ్వి, "అమ్మకీ నాయనా" అంటుంది. అంతే, ఇక తల్లీ కూతుళ్ళ లోకం. ఈయన సంగటి ముద్ద చేసుకుంటూ కూర్చుంటాడు.

కారు చప్పుడైంది. సుధాకర్ కారే, ఆ సైలెన్సరు మోత ఆయనకు తెలుసు. రామసుబ్బయ్య కిటికీ ఊచలు పట్టుకున్నాడు. గంగులమ్మ ఎప్పుడూ వెనక సీట్లో ఎడమ పక్క కూర్చుంటుంది. ముందు సీట్లో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయంటుంది. దిగేటప్పుడు ముందు సంచి బయట పెట్టి, తర్వాత కాలు పెట్టి, తలుపు పట్టుకుని లేస్తుంది. సంచిలో మామా ఇంట్లో మిగిలిన ఖర్జూరాలు ఉంటాయి. సుధాకర్ దిగాడు. వెనక తలుపు వైపు పోలేదు. కారు పక్కనే నిలబడి బిల్డింగు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. వెనక తలుపు తెరుచుకోలేదు. లోపల నిద్రపోయిందేమో, లేపరా, లేపు. ముందు రెండో తలుపు తెరుచుకుంది. ఖాజావలి దిగాడు, నమాజుకు వేసుకున్న తెల్లచొక్కాతోనే, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇద్దరు వచ్చారు. ఎదురుగా పోయి చెప్పాల్సి వస్తే ఒక్కడివే పోవద్దు, ఇద్దరు పోవాలి, ఒకరు చెప్పడానికి, ఒకరు పట్టుకోవడానికి. అది కూడా తను చెప్పిందే. పాఠం ఒక్క అక్షరం కూడా తప్పలేదు వీళ్ళు. తప్పి ఉంటే ఎంత బాగుండేది, ఒక్కచోట తప్పినా పట్టుకుని వేలాడేవాడు. గంగులూ, గంగులూ అని లోపల పిలుచుకుంటూ ఆయన మెట్ల మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

వాళ్ళు చెప్పులు కిందే విడిచి ఎక్కి వస్తున్నారు. "తడిగా ఉంది, నిదానంగా రాండి" అన్నాడు రామసుబ్బయ్య. తన గొంతు మామూలుగా ఉండడం ఆయనకే వింతగా ఉంది. సుధాకర్ నాలుగు మెట్ల కింద ఆగిపోయాడు. తల వంచుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. గడ్డం మీదుగా చెమటో కన్నీళ్ళో కారుతున్నాయి. ఖాజావలి గోడకు ఆనుకుని టోపీని మడతలు పెడుతున్నాడు. ఏసీ నీళ్ళు ఎక్కడో చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. పిల్లోడు కష్టపడుతున్నాడు, మొదటిసారి కదా అనిపించింది రామసుబ్బయ్యకు. జన్మంతా ఎదుటివాడి పద్యానికి అందింపు మాట ఇచ్చిన మనిషి, ఇప్పుడు మాత్రం ఎట్లా ఊరుకుంటాడు.

"పేరు జెప్పు నాయనా" అన్నాడు మెల్లగా. "ముందర పేరు జెప్పి ఆగు. మిగతాది నేను సూసుకుంటా."

"గంగులమ్మొదిన..." అన్నాడు సుధాకర్. ఆగాడు.

ఆగడంలో ఏముంటుందో రామసుబ్బయ్యకు ఇన్నేళ్ళకు తెలిసింది. అందులో ఏమీ లేదు. ఆమె చెయ్యి ఒకటి ఉంది, నిన్న లాగుతోందన్న చెయ్యి, దానికి ఆయన రాయని నూనె ఉంది, మూత పెట్టిన సంగటి ఉంది, అంతే. ఖాజావలి అందుకుని, పొద్దున వంటింట్లో రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయిందనీ, మామా తనే కారులో ఆస్పత్రికి తీసుకుపోయిందనీ, దోవలోనే ఖలాస్ అన్నారనీ చెబుతున్నాడు. ఆయనకు సగమే వినపడింది. సుధాకర్ కళ్ళు ఎత్తకుండానే ఒక మెట్టు వెనక్కి దిగాడు, ఇంకో మెట్టు దిగబోయాడు. రామసుబ్బయ్య గబుక్కున కిందికి వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"పోవాకురా. నేను సెప్పింది తప్పు. కబురు సెప్పి పోగూడదు. నిలబడు. తల ఎత్తి నా మొగం సూడు."

సుధాకర్ చూశాడు. చూసి, చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. రామసుబ్బయ్యకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. రాజుకు ఇక్కడ ఏం పార్టు ఉందో ఆయనకు తెలియదు. కుప్పకూలాలి కాబోలు. కూలడానికి కూడా చేతకాక సబ్బునీళ్ళలో నిలబడి, వాడి భుజం నిమురుతూ ఉన్నాడు.

అప్పుడు జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. రెడ్డెమ్మ మిస్డ్ కాల్. అమ్మ వచ్చి ఉంటుందని లెక్క చూసుకుని ఇచ్చింది.

"నువ్వొద్దన్నా, నేను సెప్తా" అన్నాడు ఖాజావలి చెయ్యి చాపి.

"నాకే సెప్పలేకపోతిరి గదరా. నా బిడ్డకు సెప్తారా?" అన్నాడు రామసుబ్బయ్య. అందులో కోపం లేదు.

నెంబరు నొక్కాడు. అవతల ఫోను ఎత్తారు. మాట లేదు, ఊపిరి బిగపట్టిన చప్పుడు మాత్రం ఉంది. వెనక ఎక్కడో గిన్నెలు కడుగుతున్న శబ్దం. మొదటి మాట అడగాలి. పక్కన ఎవరున్నారమ్మా అని అడగాలి. ఆ మాట పలికాడా, ఇక అంతే, ఆ పిల్లకు మిగతాది చెప్పనక్కరలేదు, వాళ్ళ నాయన పని ఏమిటో దానికి తెలుసు. పలుకు, పలుకు అనుకుని నోరు తెరిచాడు. రాగం వచ్చింది. ముక్కుతో తీసే హాస్యం రాగం కాదు. తెర వెనక నిలబడి పాడిన రాజు రాగం, గంగులమ్మ అడిగి అడిగి వినకుండా పోయిన రాగం, పొట్టలోంచి లేచి, మెట్ల గోడలకు తగిలి పైకి పైకి పోయింది. రెండో అంతస్తులో ఎవరో తలుపు తీశారు. గోడ ఎవరూ కొట్టలేదు. తెగుతుందనుకునే చోట తెగలేదు. ఊపిరి ఉన్నంతవరకూ లాగి వదిలాడు.

అవతల రెడ్డెమ్మ పకాలున నవ్వింది. "అబ్బా నాయనా! ఏంది ఈపొద్దు ఇంత జోరుగా తీస్తివి, అమ్మొచ్చిందని సంబరమా? ఒన్స్ మోర్ నాయనా, ఒన్స్ మోర్!"

సుధాకర్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. రామసుబ్బయ్య తడి మెట్టు మీద కూర్చుని, ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇది పాడినంతసేపూ ఆ పిల్లకు అమ్మ ఉంటుంది. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు.